గేటు నుంచి గుమ్మం దాకా ముప్పై తొమ్మిది అడుగులు

క్లూనారా గ్రామము,
10 మార్చి 1952.

మహా ఘనత వహించిన అగ్రపీఠాధిపతుల వారి సముఖమునకు
(మా విచారణ గురువులు క్యానన్ డెవానీ గారి ద్వారా)

అయ్యా,

విషయం: ప్రొటెస్టెంటు మతస్థురాలైన నా భార్య శవపేటికను నేనును నా బిడ్డలును వారి చర్చి లోపలికి మోసుకొనిపోవుటకును, ప్రార్థన ముగియువరకు లోపల ఉండుటకును అనుమతి కోరుట గురించి. నాలుగవ పర్యాయము.

క్లూనారా వాస్తవ్యుడను, కథోలికుడను, వడ్రంగము వృత్తిగా గలవాడను, యాభై ఎనిమిది సంవత్సరముల వయస్సువాడను అగు మాలకీ గెరటీ అను నేను తమ పాదసన్నిధిని విన్నవించుకొనునది ఏమనగా:

1. నా భార్య హెస్టర్ ఇంకను బ్రతికియే యున్నది. ఈ మాట అన్నిటికన్న ముందు వ్రాయవలసి వచ్చినందుకు చింతించుచున్నాను. తమ కార్యాలయము నుండి ఫిబ్రవరి 23వ తేదీన వచ్చిన జాబులో ఆమెను "మృతురాలు" అని మూడు చోట్ల పేర్కొనియున్నారు. ఆ జాబు వచ్చిన పూట ఆమె మంచం మీద దిండుకు ఆనుకుని బంగాళదుంపలకు పొట్టు తీస్తున్నది. కవరు తనే చింపి చదివింది. "మూడుసార్లు చంపాడయ్యా, పైగా కింద సంతకం కూడా పెట్టాడు" అన్నది. ఆమెకు కడుపులో కంతి. ఆసుపత్రిలో కోసి చూసి, మళ్ళీ కుట్టేసి, ఇంటికి తీసుకుపొమ్మన్నారు. ఈస్టరు పండుగ మాట ఎత్తితే డాక్టరు నేల చూపులు చూస్తున్నాడు.

2. మా వివాహము 1922వ సంవత్సరములో, తమ పూర్వపు అగ్రపీఠాధిపతుల వారి ప్రత్యేక అనుమతితో, క్లూనారా కథోలిక చర్చిలో జరిగినది. చర్చిలో అని వ్రాయుట కూడా పొరపాటే. గురువుల పూజావస్త్రాలు వేలాడదీసే పక్క గదిలో, ఉదయం ఏడు గంటలకు, ఒక్క కొవ్వొత్తి వెలిగించకుండా, ఒక్క పువ్వు పెట్టకుండా జరిగింది. మతం వేరైన వారికి అదే పద్ధతి అన్నారు. పుట్టబోయే బిడ్డల్ని కథోలికులుగా పెంచుతానని ఆమె చేత కాగితం మీద సంతకం చేయించుకున్నారు. ఆ కాగితం తమ బీరువాలో భద్రంగా ఉండవలెను. తీయించి చూడగలరు.

ఆమె ఆ మాట నిలబెట్టుకున్నది. ఫింటన్, లోర్కన్, అట్రాక్టా, ముగ్గురికీ జ్ఞానోపదేశం పుస్తకం మొదటి నుంచి చివరి దాకా వల్లె వేయించింది ఆమే. నన్నడిగితే సగం జవాబులు నాకు రావు. ప్రతి ఆదివారం పిల్లల్ని రెండు మైళ్ళు నడిపించుకుని మా చర్చికి తెచ్చి, పూజ అయ్యేదాకా బయట గోడ పక్కన నిలబడి, వాళ్ళను నాకు అప్పగించి, ఆ తర్వాత తన చర్చికి పోయేది. వానలో కూడా. లోపలికి వచ్చి చివరి బెంచీ మీద కూర్చోమని మా వాళ్ళు ఒక్కరు అనలేదు. నేనూ అనలేదు. శుక్రవారం నాడు మా ఇంట్లో ముప్పై ఏళ్ళలో మాంసం ఉడకలేదు. ఆమె పెంచిన అట్రాక్టా ఈనాడు తమ బాలికల బడిలో టీచరు, చిన్నపిల్లలకు జపాలు నేర్పుతున్నది. ఆ బడికి మేనేజరు క్యానన్ డెవానీ గారే.

3. మా ఊరి ఆచారము తమకు తెలియనిది కాదు. ప్రొటెస్టెంటు మనిషి చనిపోయినచో, ఇంటి దగ్గర నుండి వారి చర్చి గేటు దాకా శవపేటికను కథోలికులే మోసెదరు. గేటు దగ్గర రెండు చెక్క పీటలు ఉండును. నేను చేసినవే. వాటి మీద పెట్టెను దింపి, మా వాళ్ళు రోడ్డు దాటి అవతలి గోడ వెంట నిలబడి టోపీలు తీసెదరు. అక్కడి నుండి వారి వారు అందుకొని లోపలికి తీసుకుపోవలెను. మా వాడెవడైనా గేటు దాటి వారి ప్రార్థనలో కూర్చున్నచో, ఆ పాపమును ఊరి గురువు క్షమించుటకు వీలు లేదట. తమరి దగ్గరకే రావలెనట. హత్య చేసినవాడి పాపం క్యానన్ గారు ఇక్కడే కూర్చుని క్షమించగలరు. అడిగి తెలుసుకున్నాను.

గేటు నుంచి గుమ్మం దాకా ముప్పై తొమ్మిది అడుగులు. కొలతబద్ద పెట్టి కొలిచాను. ఒకప్పుడు వాళ్ళు వంద మంది ఉండేవారు గనుక ఇబ్బంది లేకపోయింది. ఇప్పుడు మా ఊళ్ళో ప్రొటెస్టెంట్లు ఎనిమిది మంది. అందులో అయిదుగురు ఆడవాళ్ళు. మిగిలిన ముగ్గురిలో ఒకరు వాళ్ళ గురువు రెక్టరు గారు, ఆయన పుస్తకం పట్టుకుని ముందు నడవాలి. రెండో ఆయన పోస్టుమాస్టరు పాయింట్జ్ గారు, డెబ్బై నాలుగేళ్ళు. మూడోవాడు ఆల్బీ స్టోక్స్, రంపపు మిల్లులో ఎడమ చేతి వేళ్ళు పోగొట్టుకున్నవాడు. పెట్టె మోయడానికి ఆరుగురు కావాలి.

4. ఇది ఊహించి వ్రాయుచున్నది కాదు. మూడు సంవత్సరముల క్రిందట పశువుల డాక్టరు స్వాన్టన్ గారు చనిపోయినారు. మా ఊళ్ళో ఆయన చెయ్యి పడని ఆవు లేదు. కథోలికుడి ఆవు, ప్రొటెస్టెంటు ఆవు అని ఆయన చూడలేదు. పెట్టె నేనే చేశాను. గేటు దగ్గర పీటల మీద దింపి మేం నలభై మందిమి రోడ్డవతలికి వెళ్ళి నిలబడ్డాం. వాళ్ళ ముసలివాళ్ళు నలుగురు ఎత్తుకున్నారు. పది అడుగులు కూడా పోలేదు. ముందున్న ఆయన మోకాలు మడతపడింది. పెట్టె మూల కంకర మీద పడి, నేను బిగించిన అతుకు విడిపోయింది. ఆ చప్పుడు నాకు రోడ్డవతలికి వినిపించింది. నలభై మందిలో ఒక్కడు కదల్లేదు. ఆ ముసలివాళ్ళు పెట్టెను కాసేపు ఎత్తి, కాసేపు ఈడ్చి, గుమ్మం దాటించారు.

ఆ తర్వాత మేమందరం సారా దుకాణానికి వెళ్ళాం. ఎవరూ ఆ సంగతి ఎత్తలేదు. ఎత్తిన ఒక్కడు నాతో ఏమన్నాడో వ్రాయుచున్నాను: "అంత బరువు చెక్క ఎందుకు వేశావు మాలకీ? తేలిక చెక్క వేస్తే పడేది కాదు గదా." అవునవునని నలుగురు తల ఊపారు. నేనూ ఊపాను.

ఇంటికి పోతే హెస్టర్ అడిగింది, "ఎంతమంది ఉన్నారు అక్కడ?"

"నలభై దాకా."

"పెట్టె పడ్డప్పుడు ఏం చేశారు?"

"టోపీలు తీశాం."

"అవి ముందే తీసి ఉన్నాయి గదయ్యా" అన్నది. చారు పోసి పెట్టింది. నాకు నా మీదే రోత పుట్టింది. ఆ రోత పోలేదు, కాని దానితో నేను చేసిన పని ఏమీ లేదు.

5. జనవరి 21వ తేదీన మొదటి అర్జీ వ్రాసితిని. రెండు వారముల తరువాత తమ కార్యదర్శి ఫాదర్ కిల్‌బ్రైడ్ గారి సంతకముతో జవాబు వచ్చినది. తమ ముద్ర అచ్చు వేసిన కాగితము ఎంత మందముగా నున్నదంటే, మడతపెడితే విరిగిపోవునేమో అనిపించినది. ఇట్టి అర్జీలు విచారణ గురువు ద్వారా మాత్రమే రావలెనని అందులో నున్నది. ఫిబ్రవరి 9న క్యానన్ గారి ద్వారా పంపితిని. మృతురాలు ఏ తేదీన మరణించినది, అంత్యక్రియలు ఏ రోజు, ఎన్ని గంటలకు, ఈ వివరములు లేనిదే అర్జీ పరిశీలించుట సాధ్యము కాదని జవాబు. ఆ జవాబు రావడానికి పద్నాలుగు రోజులు పట్టింది. మా ఊళ్ళో మనిషి పోతే మూడో రోజుకు మట్టి చేస్తారు. అంటే ఆమె ఎప్పుడు పోతుందో రెండు వారాలు ముందుగా నేను తమకు తెలియజేయాలన్న మాట.

ఈ సంగతి ఆమెకు చెప్పకుండా దాచాలనుకున్నాను. దాగలేదు.

"ఏ రోజు రాయమంటావు?" అని నవ్వబోయాను.

"గురువారం రాయి. బుధవారం సంత, మీకు తీరిక ఉండదు. శుక్రవారం మీకు మాంసం కూడదు, చేపలు దొరకవు, వచ్చినవాళ్ళకు ఏం పెడతావు?" అన్నది.

ఫిబ్రవరి 26న మూడో అర్జీ. రోగి జీవించియున్నది, తేదీ చెప్పలేము, ముందస్తుగా అనుమతి దయచేయవలెనని వ్రాసితిని. మొన్న శనివారం జవాబు వచ్చినది. నిలబడ్డచోటనే విప్పాను. క్లూనారా గ్రామ వాస్తవ్యురాలు, దీర్ఘరోగి హెస్టర్ గెరటీ తపస్సుకాలపు ఉపవాస దినములలో మాంసము, గుడ్లు భుజించుటకు అగ్రపీఠాధిపతుల వారు దయతో అనుమతించినారని అందులో నున్నది. రోగి అన్న ఒక్క మాట చూసి, ఏ గుమాస్తానో తపస్సుకాలపు కట్టలో నుంచి ఒక అచ్చుకాగితం లాగి, పేరు నింపి పంపించాడు. తమ ఉపవాసాలతో ఆమెకు సంబంధం లేదు. అయినా ముప్పై ఏళ్ళు మా కోసం పాటించింది. ఇప్పుడు గుక్కెడు పాలు కడుపులో నిలవడం లేదు.

ఆమె ఆ కాగితాన్ని అందుకుని చదివింది. "గొడ్డుమాంసం తినమన్నాడా? పెద్దాయన అంత ప్రేమగా చెప్తుంటే తినకపోతే బాగుండదు" అని నవ్వి, ఆ నవ్వుకే కడుపు పట్టుకుని మెలికలు తిరిగిపోయింది. ఆ పూట నాకు కలిగిన అసహ్యం ఎలాంటిదో ఈ మర్యాద భాషలో వ్రాయుటకు నాకు చేతకాదు.

6. నిన్న ఆదివారం పూజ అయిన తరువాత క్యానన్ గారిని కలిసితిని. ఆయన గుడ్డు ఒలుచుకుంటూ మాట్లాడారు.

"చూడు మాలకీ, తేదీ లేకుండా అనుమతి ఎట్లా ఇస్తారు? పద్ధతంటూ ఒకటి ఉంటుంది గదా."

"మనిషి బతికే ఉంది ఫాదర్."

"అదేనయ్యా చిక్కు."

"పెట్టె మొయ్యడానికి వాళ్ళకు ఇద్దరే ఉన్నారు. మీరూ చూశారు, స్వాన్టన్ గారిది."

"చూశాను. బాధే. కానీ పై నుంచి రాకుండా నేనేం చెయ్యను? ఇంకోసారి రాయి, పంపిస్తాను." అని, ఉప్పు చల్లుకుని, గొంతు తగ్గించారు. "మగపిల్లల సంగతి వేరు, వాళ్ళు నీ షెడ్డులో పనిచేసుకుంటారు. అట్రాక్టాను మాత్రం గేటు దగ్గరకు రానీయకు. బడి పిల్లల తల్లిదండ్రులు నాకు రాస్తారు. నేను పైకి రాయాల్సి వస్తుంది. నాకు ఇష్టమయ్యి కాదు."

ఇంటికి వచ్చి అట్రాక్టాతో చెప్పాను. "నువ్వు రోడ్డవతల నిలబడు తల్లీ, నీ ఉద్యోగం పోతుంది" అన్నాను.

"రోడ్డవతల నిలబడి ఏం చెయ్యను నాన్నా? నాకు తీయడానికి టోపీ కూడా లేదు" అన్నది. తల్లి పోలిక.

7. కావున మహా ఘనత వహించిన తమరు దయయుంచి, పైన పేర్కొన్న కారణములను బట్టి, నాకును, నా కుమారులు ఫింటన్, లోర్కన్ లకును, నా కుమార్తె అట్రాక్టాకును, హెస్టర్ చనిపోయిన యెడల, ఎప్పుడు చనిపోయినను, ఆమెను ఆ ముప్పై తొమ్మిది అడుగులు మోసుకొనిపోయి, ప్రార్థన అగువరకు ఆమె దగ్గర కూర్చుండుటకు అనుమతి దయచేయవలెను. నా బిడ్డ ఉద్యోగమునకు భంగము రానీయకుండ ఉత్తరువు చేయవలెను. తేదీ పెట్టవలసిన చోట ఖాళీ వదిలి పంపినచో మేమే నింపుకొందుము.

నేను కోరుచున్నది గొప్ప ఉపకారము కాదు. నా భార్యను నేల మీద పడనీయకుండ ఉండుటకు కోరుచున్నాను. ఇందుకు నాలుగుసార్లు అర్జీ పెట్టుకోవలసి రావడమే నాకు సిగ్గుగా ఉంది. తమకు లేనట్టున్నది. ఈ చివరి వాక్యము క్షమించవలెను, లేదా క్షమించకపోయినను సరే.

ఇదంతయు సావకాశముగా గాక, సత్వరమే చిత్తగించవలెనని వేడుకొనుచు,

తమ విధేయుడు,
మాలకీ గెరటీ, వడ్రంగి.

తా.క. 22 మార్చి, శనివారం.

పై అర్జీ తమ దాకా రాలేదు. క్యానన్ గారి బల్ల మీద పదకొండు రోజులు ఉండి, సంతకం లేకుండా నిన్న నా దగ్గరకే తిరిగి వచ్చింది. కొత్త కాగితం మీద మొదటి నుంచి రాసే ఓపిక నాకు లేదు. అందుకని దీని కిందనే రాసి, ఎవరి ద్వారానూ కాకుండా నేరుగా పోస్టులో వేస్తున్నాను.

హెస్టర్ 15వ తేదీ శనివారం పొద్దున పోయింది. సోమవారం మా దేశపు పండుగ అయినందువల్ల మంగళవారం పదకొండు గంటలకు మట్టి చేశాం. తమ కార్యాలయానికి కావలసిన వివరాలు ఇవే.

గేటు దగ్గర పెట్టెను పీటల మీద దింపాం. ఊరివాళ్ళు రోడ్డవతలికి వెళ్ళి నిలబడ్డారు. పాయింట్జ్ గారు, ఆల్బీ స్టోక్స్ వచ్చి చెరో పక్కన పట్టుకున్నారు. నేను, ఫింటన్, లోర్కన్ పట్టుకున్నాం. అయిదుగురమయ్యాం. ఆరో చోటు ఖాళీగా ఉంది. మా ఊళ్ళో ఆడది పెట్టె మోయడం నేనెప్పుడూ చూడలేదు. అట్రాక్టా రోడ్డవతల నుంచే వచ్చింది, నా మాట విని అక్కడే నిలబడి ఉంది పాపం. చేతి తొడుగులు తీసి జేబులో పెట్టుకుని, ఆరో చోట భుజం పెట్టింది. పెట్టె ఎక్కడా తగల్లేదు.

పిల్లలు ముగ్గురూ ముందు బెంచీలో కూర్చున్నారు. నేను వాళ్ళ దగ్గర కూర్చోవాలి. కాని కాళ్ళు నన్ను గుమ్మం పక్కనున్న చివరి బెంచీకి తీసుకుపోయాయి. బయటికి మోసేటప్పుడు దగ్గరగా ఉంటానని నాకు నేను చెప్పుకున్నాను. అందరూ మోకరిస్తే నేను కూర్చున్నాను. అందరూ లేస్తే కూర్చున్నాను. చేతులు మోకాళ్ళ మీద పెట్టుకున్నాను. మా పూజ లాటిన్‌లో సాగుతుంది, ఆ భాష నాకు ముక్క రాదు, అయినా యాభై ఏళ్ళుగా జవాబులు చెప్తున్నాను. అక్కడ రెక్టరు గారు చదివిన ప్రతి మాటా నాకు అర్థమైంది. ఆమెకు శాంతి ఇమ్మని దేవుణ్ణి అడుగుతున్నాడు. ఎనిమిది మంది ఏడుగురై, ఆ ఏడుగురూ ఆమెన్ అన్నారు. ముందు బెంచీ నుంచి నా పిల్లలు ముగ్గురూ ఆమెన్ అన్నారు. నా నోరు పెగల్లేదు. పరలోక జపం వచ్చింది, అది మాకూ వాళ్ళకూ ఒకటే, నా పిల్లలకు దాన్ని నేర్పింది పెట్టెలో ఉన్న మనిషే. అదీ అనలేకపోయాను.

బుధవారం పొద్దున్నే అట్రాక్టాకు బడి మేనేజరు సంతకంతో ఉత్తరం వచ్చింది. ఇక బడికి రానక్కర్లేదని. ఆ ఉత్తరానికి పద్నాలుగు రోజులు పట్టలేదు. ఒక్క రాత్రి చాలింది.

నిన్న శుక్రవారం తమ అనుమతి కూడా వచ్చింది. ఫిబ్రవరిలో పెట్టుకున్న అర్జీకి. మాలకీ గెరటీ అను అతడు తన భార్య అంత్యక్రియలకు హాజరు కావచ్చును, షరతులేమనగా: చివరి బెంచీలో కూర్చుండవలెను, వారితో పాటు మోకరించుట గాని లేచి నిలబడుట గాని చేయరాదు, వారి జపములకు బదులు పలుకరాదు. మోసే సంగతి అందులో లేదు. నేను అడిగిందే అది. పిల్లల పేర్లు కూడా లేవు.

ఆ కాగితం పట్టుకుని క్యానన్ గారి దగ్గరకు పోయాను. ఆయన అది చదివి ఊపిరి పీల్చుకున్నారు.

"నీకేం భయం లేదు మాలకీ. వాళ్ళ చర్చిలోకి వెళ్ళినవాళ్ళ జాబితా నేను పైకి పంపాలి గదా, అందులో నీ పేరు రాయలేదు. వాళ్ళ చర్చి తలుపు తెరిచే ఉంది గదా, రోడ్డవతలివాళ్ళందరూ చూశారు. వెనక బెంచీలో బుద్ధిగా కూర్చున్నావట, పెదవి కూడా కదపలేదట. మోసిన సంగతి నేను చూసుకుంటాను. నీది సక్రమంగా ఉంది."

"పిల్లల పేర్లు?"

"రాయక తప్పలేదయ్యా. ముగ్గురివీ రాశాను."

అయ్యా, తమరంటే నాకు అసహ్యం. క్యానన్ గారంటే అసహ్యం. రోడ్డవతల నిలబడ్డ నలభై మందంటే అసహ్యం. కాని వాళ్ళెవరూ నా గొంతు పట్టుకోలేదు. తమ షరతులు నాకు అందకముందే నేను ఒక్కటి తప్పకుండా పాటించాను.

అట్రాక్టా ఉద్యోగం తిరిగి ఇప్పించమని నేను అడగడం లేదు. ఆమే వద్దన్నది. తమ దగ్గరకు పాపక్షమాపణ కోసం కూడా రావడం లేదు. నాది ఇప్పుడు ఒక్కటే అర్జీ. ఆ జాబితా తమ బల్ల మీదకు వచ్చినప్పుడు, ఫింటన్, లోర్కన్, అట్రాక్టా పేర్ల కింద నా పేరు కూడా రాయించండి. నేను అందుకు తగినవాణ్ణి కాదని నాకు తెలుసు.

మాలకీ గెరటీ